బలం పెట్టని వేళ్ళు

మధ్యాహ్నం రెండూ పదికి కంప్యూటరు మొదటిసారి కూసింది.

ఒక్కటే కూత. పొడుగ్గా. కాసేపు ఆగి మళ్ళీ అదే కూత. తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు. నల్లగా, తుడిచిన పలకలా ఉంది.

సిస్టర్ మీట నొక్కి ఆపింది. పది లెక్కపెట్టి మళ్ళీ నొక్కింది.

కూత.

ముప్ఫై నాలుగేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. ఇప్పటికీ వీధి మొత్తం ఆవిణ్ణి సిస్టర్ అనే పిలుస్తుంది. మిషన్లు కూస్తే కంగారుపడే రకం కాదు. థియేటర్లో ఏ కూతకి పరుగెత్తాలో, ఏ కూతకి తీగ సర్దితే చాలో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఈ కూతకి మాత్రం అర్థం తెలియదు.

ఆ డబ్బాలో ఆవిడ పుస్తకం ఉంది.

నూట నలభై రెండు పేజీలు. పదకొండు నెలలు. రెండే రెండు వేళ్ళతో టైపు చేసింది. కొత్తగా థియేటర్లో అడుగుపెట్టే నర్సుపిల్లలకి మొదటి నెల ఎలా గడపాలో చెప్పే పుస్తకం. డాక్టరు కసిరితే ఏం చెయ్యాలి, రక్తం చూసి కళ్ళు తిరిగితే ఎక్కడ కూర్చోవాలి, ఆపరేషన్ చివర్లో దూదిముక్కల లెక్క తేడా వస్తే ఎవరికి ముందు చెప్పాలి, అన్నీ రాసింది. తన మొదటి నెలలో ఇవేవీ ఎవరూ చెప్పలేదు. స్టోర్ రూములో దుప్పట్ల అరల వెనక నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన రోజులు ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

నర్సింగ్ స్కూలు ప్రిన్సిపాల్ నిన్ననే ఫోన్లో చెప్పింది. "సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది సిస్టర్. రేపు సాయంత్రం అయిదులోపు మీరు పంపిస్తే ప్రెస్సుకిచ్చేస్తాను. అయిదు దాటితే ప్రెస్సువాళ్ళు వేరే పని ఎత్తుకుంటారు. ఇక వచ్చే ఏడాదే."

నిన్న సాయంత్రమే చివరి పేజీ అయిపోయింది. పొద్దున్నే పంపి ఉండాల్సింది. పక్కింటావిడ బీపీ చూడమని వచ్చి కూర్చుంది, కబుర్లతో పన్నెండైంది.

"ఏమండీ" అంది.

పడక్కుర్చీలో పేపరు కొంచెం పైకి లేచింది.

పేపరు వెనక ఉన్నది ఆవిడ భర్త. బజారు మూల చిన్న కొట్లో నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. కంటికి భూతద్దం పెట్టుకుని, ఆవగింజంత స్క్రూని చిమటాతో పట్టుకుని ఊపిరి బిగపట్టే ఉద్యోగం. అందరూ ఆయన్ని గడియారాలాయన అంటారు.

సొంతిల్లున్న ఆ పెద్దమనిషి ఇరవై నిమిషాలుగా అద్దె ఇళ్ళ ప్రకటనలు చదువుతున్నాడు.

"ఏమండీ, మిమ్మల్నే! కంప్యూటరు లేవట్లేదు."

"లేస్తుందిలే."

"కూస్తోంది."

"కూయనీ. కాసేపు వదిలెయ్."

గడియారం కాసేపు ఆగితేనే కొంప మునిగినట్టు లేచే మనిషి, కంప్యూటరుని వదిలెయ్యమంటున్నాడు. ఆవిడకి అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. బుర్రంతా అయిదు గంటల మీదుంది.

రిపేరు షాపుకి ఫోన్ చేసింది. "డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్ళండమ్మా, ఎల్లుండి చూస్తాం" అన్నారు. కూతురికి చేసింది. కూతురు ఆఫీసులో ఉంది, గొంతు తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, మా మామగారు ఉండగా షాపులెందుకే? ఆయన జీవితమంతా కంప్యూటర్లు బాగుచేశారు. కాలు కట్టుతో మంచం మీదున్నారు గానీ నోరు బాగానే ఉంది. ఫోన్లో చెప్తారు."

"మీ నాన్న..."

"నాన్న సంగతి తర్వాత. నీ పుస్తకం ముఖ్యమా, ఆయన అలక ముఖ్యమా?"

పేపరు వెనక దగ్గు వినిపించింది.

వియ్యంకులిద్దరికీ ఏడాదిన్నరగా మాటల్లేవు. కారణం ఒక గోడగడియారం. వియ్యంకుడి తండ్రి హయాం నాటిది, లోలకం ఉన్నది. గడియారాలాయన దాన్ని ముచ్చటపడి నెల్లాళ్ళు కూర్చుని బాగుచేసిచ్చాడు. వాళ్ళింటి హాల్లో తగిలించిన మూడో రోజున ఆగిపోయింది. మనవరాలి పుట్టినరోజున నలభై మంది ఎదుట వియ్యంకుడు నవ్వుతూ ఒక్క ముక్క అన్నాడు. "మా బావగారు చేసిన గడియారం నాకంటే ముందే రిటైరైపోయింది!" నలభై మందీ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే. ఆ రోజు నుంచి వాళ్ళ గడప తొక్కలేదు.

సిస్టర్ గోడ వైపు చూసింది. మూడు కావస్తోంది.

నంబరు నొక్కింది.

"చెల్లెమ్మా!" ఫోన్లోంచి గొంతు ఖంగుమంది. "ఎన్నాళ్ళకి! నా కాలు ఇంకా ఉందో లేదో కనుక్కోడానికేనా?"

"కాలు ఎలా ఉంది అన్నయ్యగారూ?"

"సున్నం కొట్టిన స్తంభంలా ఉంది. సరే, చెప్పు. నీ గొంతులో తొందర వినిపిస్తోంది."

చెప్పింది. కూత సంగతీ, పుస్తకం సంగతీ, అయిదు గంటల సంగతీ.

"పుస్తకానికి కాపీ తీశావా? ఇంకెక్కడైనా దాచావా?"

సిస్టర్ నీళ్ళు నమిలింది. "లేదండీ."

"హరి హరీ! దూదిముక్కని మూడుసార్లు లెక్కపెట్టేదానివి, నూట నలభై పేజీలు ఒక్క డబ్బాలో పడేసి కూర్చున్నావా? సరే, తిట్లు బాకీ ఉంచుకుంటాను. ముందు ఆ కూత వినిపించు."

ఫోనుకి స్పీకరు పెట్టి, పెన్నుల డబ్బాకి ఆనించి, మీట నొక్కింది. కూత. విరామం. కూత.

"చాలు, ఆపు" అన్నాడు వియ్యంకుడు. గొంతులో వేళాకోళం పోయింది. "ప్లగ్గు పీకెయ్. స్క్రూడ్రైవర్ ఉందా? అడగడం నాదే తప్పులే. మీ ఇంట్లో బియ్యం అయిపోవచ్చు గానీ స్క్రూడ్రైవర్లు అయిపోవు."

పేపరు చప్పుడు చేసింది.

సిస్టర్ వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చింది. బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి దాని మీద పెట్టింది. పాత అలవాటు. ఏదైనా విప్పితే లెక్క ఉండాలి. సీపీయూ డబ్బాని వెనక్కి తిప్పి లైటు వేసింది.

స్క్రూడ్రైవర్ ఆనించబోయి ఆగిపోయింది.

నాలుగు స్క్రూలు. నాలుగింటి తలల మీదా ప్లస్ గుర్తులు. నాలుగూ నిటారుగా, ఒకే వరసలో, కవాతుకి నిలబడ్డట్టున్నాయి. ఒక్కటి కూడా వెంట్రుకవాసి వంకర లేదు.

షాపువాడు అలా బిగించడు. ఫ్యాక్టరీవాడూ బిగించడు. ప్రపంచంలో స్క్రూ తలలని వరసలో నిలబెట్టే మనిషి ఆవిడకి ఒక్కడే తెలుసు. ఆ మనిషి తలుపు బందులకీ అంతే, కుక్కరు పిడికీ అంతే.

మెల్లిగా తల తిప్పి పడక్కుర్చీ వైపు చూసింది.

పేపరు అంచు వణుకుతోంది.

"ఏమైంది చెల్లెమ్మా, నిద్రపోయావా?"

"లేదన్నయ్యగారూ. విప్పుతున్నాను."

ఒకటి. రెండు. మూడు. నాలుగు. పళ్ళెంలో ఖణేల్‌మంటూ పడ్డాయి. పక్క రేకు జరిపింది.

"దుమ్ము ఎంతుంది? ఆరేళ్ళ డబ్బా కదా, పిచ్చుక గూడు కట్టి ఉంటుంది."

లోపల అద్దంలా ఉంది. ఫ్యాను రెక్కలు మెరుస్తున్నాయి. తీగలన్నీ దువ్వినట్టు ఒక పక్కకి సర్ది ఉన్నాయి.

"దుమ్ము లేదండీ" అంది.

"లేకపోవడమేంటి?"

"అస్సలు లేదు."

ఫోన్లో వెనక ఎక్కడో టిక్, టక్ అని సన్నగా ఏదో వినిపిస్తోంది. సిస్టర్ పట్టించుకోలేదు. పేపరు మాత్రం ఒక్క అంగుళం కిందికి దిగింది.

"అంటే" అన్నాడు వియ్యంకుడు, ఒక్కో మాటా విడదీసి, "ఎవరో తెరిచారన్నమాట."

సిస్టర్ పడక్కుర్చీ వైపు చూడలేదు. చూడకుండానే ఆవిడకి అంతా కనిపించింది. నెల రోజులుగా తను పడిన గొణుగుడు గుర్తొచ్చింది. ఫ్యాను చప్పుడు ఏనుగు గురకలా ఉంది, ఒక్క వాక్యం కుదురుగా రాయనివ్వట్లేదు అని తిట్టుకునేది. నిన్న సాయంత్రం చివరి పేజీ అయ్యాక స్నేహితురాలింటికి వెళ్ళింది, రెండు గంటలు. తిరిగొచ్చేసరికి ఈయన చేతులు కడుక్కుంటున్నాడు. ముసిముసిగా నవ్వుతూ "రేపు కంప్యూటరు పెట్టి చూడు" అన్నాడు. ఏంటని అడిగితే "ఏం లేదులే" అన్నాడు.

కానుక ఇవ్వాలనుకున్నాడు. అది ఇలా తిరిగింది. ఇప్పుడు ఏ మనిషి ముందు తలవంచకూడదనుకున్నాడో ఆ మనిషి ఫోన్లో ఉన్నాడు.

"నేనే తుడిచానన్నయ్యగారూ" అంది సిస్టర్.

పేపరు వణుకు ఆగిపోయింది.

"నువ్వా?" వియ్యంకుడి గొంతులో ఊరట. "మంచిదే. అయితే చెప్పు, తుడిచేటప్పుడు ఏమేం బయటికి తీశావు?"

"అంటే..."

"ఏదీ తీయకుండా అంత శుభ్రంగా తుడవడం కుదరదమ్మా. ఫ్యాను తీశావా? మెమరీ పలకలు తీశావా? తీగలేమైనా లాగావా? సరిగ్గా గుర్తు చేసుకో. నీ పుస్తకం డిస్కులో ఉంది. దాని తీగ లాగి తప్పుగా గుచ్చి ఉంటే అదొక కథ. పలకలైతే ఇంకో కథ. ఏం తీశావో తెలియకపోతే ఒక్కోటీ వెతుక్కుంటూ పోవాలి. అయిదు కాదు, ఎనిమిదవుతుంది."

సిస్టర్ డబ్బాలోకి చూసింది. అక్కడ ఏది ఏదో ఆవిడకి తెలియదు. ఇంకో అబద్ధం ఆడొచ్చు. కానీ థియేటర్లో కొత్తగా చేరిన పిల్లలకి తను నేర్పిన మొదటి పాఠమే అది. లెక్క తెలియకపోతే తెలుసని అనకూడదు.

"గుర్తు లేదండీ" అంది చిన్నగా.

మూడూ నలభై.

పేపరు మడత పడింది. నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి. గడియారాలాయన లేచి వచ్చాడు. ఫోన్ దగ్గరికి వంగి, కోర్టులో బోనెక్కినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"బావగారూ" అన్నాడు. "తెరిచింది నేను. ఆవిడకేం తెలియదు."

అవతల టిక్, టక్. అంతే.

"రాసుకోండి" అన్నాడు గడియారాలాయన, పళ్ళు బిగించి. "ముందు ఫ్యాను విప్పాను. బ్రష్షుతో దులిపాను. ఇరుసులో సూదిమొనతో చుక్క నూనె వేశాను. తర్వాత వేలెడు పొడుగున్న ఆకుపచ్చ పలకలు రెండు తీశాను. వాటి అంచున బంగారు రంగు పళ్ళున్నాయి, అవి మసకబారాయి. పిల్లలు రాసుకునే రబ్బరుతో ఒకే వైపుకి రుద్దాను. మళ్ళీ ఏ గాడిది ఆ గాడిలో, ఏ మొహం అటే పెట్టాను. డిస్కు జోలికి పోలేదు. తీగ ఒక్కటీ పీకలేదు, పక్కకి సర్దానంతే. ఇక మీ ఇష్టం. నలభై మందిని పిలిచి చెప్పుకోండి."

సిస్టర్ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు వస్తుంది మాట అనుకుంది.

"రబ్బరుతో తుడిచారా?" అన్నాడు వియ్యంకుడు. "ఒకే వైపుకి?"

"రెండు వైపులా రుద్దితే పూత లేస్తుంది కదా."

"బావగారూ, ఆ ఒక్క ముక్క మా వర్కుషాపులో కుర్రాళ్ళ బుర్రకెక్కించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా?"

"సరే సరే. ఒకే ఒక్క ప్రశ్న. ఆ పలకలు తిరిగి పెట్టేటప్పుడు టక్కుమని చప్పుడొచ్చిందా?"

గడియారాలాయన నిటారుగా అయ్యాడు. మొహం ఎర్రబడింది. "చప్పుడా? నలభై ఏళ్ళలో నా చేతిలో ఏ వస్తువూ చప్పుడు చెయ్యలేదు బావగారూ. ఈకని పెట్టినట్టు పెట్టాను!"

ఫోను పగిలిపోతుందేమో అన్నంత నవ్వు వినిపించింది. ఎగతాళి నవ్వు కాదు. మంచం మీద దొర్లుతున్నవాడి నవ్వు. "అమ్మా, కాలు... కాలు కదిలింది... చెల్లెమ్మా, నీ పుస్తకానికేం కాలేదమ్మా! ఈయన పలకల్ని జోకొట్టి పడుకోబెట్టాడు! అవి గాడిలో దిగనే లేదు. పైపైన ఆనుకుని కూర్చున్నాయి. అందుకే ఆ కూత. బావగారూ, ఇది గడియారం కాదు. బలం పెట్టాలి. రెండు బొటనవేళ్ళతో రెండు చివరలా నొక్కండి, పక్కనున్న క్లిప్పులు టక్కుమని వాటంతటవే పట్టుకునేదాకా. ముందు ఆ ఇనప రేకుని ఓసారి ముట్టుకోండి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. ఆ తర్వాత నొక్కండి."

గడియారాలాయన రేకు ముట్టుకున్నాడు. బొటనవేళ్ళు పలక మీద పెట్టాడు. నొక్కాడు.

ఏమీ కాలేదు.

"ఇంకా" అన్నాడు వియ్యంకుడు.

నొక్కాడు. నుదుటి మీద చెమట పట్టింది. వేళ్ళు మాత్రం ఒక హద్దు దగ్గర ఆగిపోతున్నాయి. నలభై ఏళ్ళు వాటికి నేర్పింది అదొక్కటే. ఆనాలి, ఆగాలి. అంతకు మించి నొక్కితే ఏదో ఒకటి విరుగుతుంది.

"నా వల్ల కాదు" అన్నాడు. "విరుగుతుంది."

"విరగదు."

"దాని పుస్తకం ఉందయ్యా ఇందులో! పదకొండు నెలలు కళ్ళు పొడుచుకుని రాసింది. నేను రోజూ చూశాను. నా చేత్తో విరిగితే ఎలా?"

సిస్టర్ ఆయన వెనక్కి వచ్చి నిలబడింది. ఆయన భుజాల పక్కనుంచి రెండు చేతులూ చాచి, తన బొటనవేళ్ళు ఆయన వేళ్ళ మీద పెట్టింది. నూటిరవై కిలోల మనుషుల్ని బల్ల మీద ఒక పక్కకి తిప్పిన చేతులవి.

"మీరు సూటిగా పట్టుకోండి చాలు" అంది. "బలం నాది."

నొక్కింది.

టక్.

ఆయన ఉలిక్కిపడ్డాడు. పలక విరిగిందనుకుని మొహం పాలిపోయింది. క్లిప్పు చూశాడు. నిటారుగా లేచి పలక అంచుని కొరికి పట్టుకుంది. రెండో పలక. టక్.

"విన్నాను" అన్నాడు వియ్యంకుడు. "ఇప్పుడు ప్లగ్గు పెట్టండి."

మీట నొక్కింది సిస్టర్. ఫ్యాను తిరిగింది. అసలు తిరుగుతోందా అని చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది, అంత నిశ్శబ్దంగా. ఒక్క చిన్న కూత, పొట్టిది, పలకరింపులా. తెర వెలిగింది.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే రెండు వేళ్ళతో పుస్తకం వెతికింది. ఉంది. చివరి పేజీ తెరిచింది. చివరి వాక్యం ఉంది. మెయిలుకి తగిలించి ప్రిన్సిపాల్‌కి పంపింది. నాలుగూ పన్నెండు.

"నాకూ ఒకటి పంపు" అన్నాడు వియ్యంకుడు. "కాపీ ఉండాలి. ఇందాక బాకీ ఉంచిన తిట్లు దాంతో తీరిపోతాయి."

పంపింది. అప్పుడు కూర్చుంది.

గడియారాలాయన మాత్రం ఫోను వైపు తల వంచి, కళ్ళు చిట్లించి నిలబడి ఉన్నాడు.

"బావగారూ" అన్నాడు. "మీ వెనక ఏదో కుంటుతోంది."

"ఏంటి?"

"టిక్, టక్ మధ్య ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఇందాకటి నుంచీ వింటున్నాను. లోలకం గడియారం. అది..." గొంతు తగ్గింది. "అది మీ నాన్నగారిదేనా?"

వియ్యంకుడి భార్య గొంతు దూరం నుంచి వినిపించింది. "చెప్పండి, ఇప్పుడైనా చెప్పండి! అన్నయ్యగారు నిజం ఒప్పుకోగా లేనిది మీకేం వచ్చింది?"

"నువ్వుండవే."

"నేనుండను. అన్నయ్యగారూ, పోయిన వేసవిలోనే దాన్ని పడకగదిలోకి మార్చారు. మార్చిన రోజునే కదిలింది. రోజుకి మూడుసార్లు ఆగుతుంది, మూడుసార్లూ ఈయన స్టూలెక్కి తోసేవారు, ఇప్పుడు నేను తోస్తున్నాను. నడుస్తోందని మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ కాలు విరిగింది కూడా అలాగే!"

"బాత్‌రూములో జారారన్నారుగా?" అంది సిస్టర్.

"బాత్‌రూమూ లేదు, పాడూ లేదు వదినా! స్టూలు మీంచి!"

సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడియారాలాయన నవ్వలేదు. పని దొరికిన మనిషి మొహం పెట్టాడు.

"మిషనులో లోపం లేదు" అన్నాడు. "ఆగుతోందంటే వేలాడదీసిన తీరు వంకర. హాల్లోనూ అంతే అయ్యుంటుంది. నేనే వచ్చి తగిలించి ఉండాల్సింది. చెల్లెమ్మా, స్టూలు వద్దు, నేల మీదే నిలబడు. చెయ్యి అందితే గడియారం అడుగుభాగాన్ని ఎడమవైపుకి జరుపు. కొంచెం. వేలితో తాకినట్టు. బలం పెట్టకు."

ఫోన్లో చెక్క గోడకి రాసుకున్న చప్పుడు.

టిక్, టక్. టిక్, టక్.

"ఇంకొంచెం." కళ్ళు మూసుకున్నాడు. "ఎక్కువైంది, వెనక్కి. అదీ... అదీ... చాలు. చెయ్యి తీసెయ్."

టిక్. టక్. టిక్. టక్. అడుగులో అడుగు వేసినట్టు, సమంగా.

ఇటు ఇద్దరూ, అటు ఇద్దరూ అలా ఎంతసేపు విన్నారో. గడియారం నాలుగున్నర కొట్టింది, ఒక్క గంట.

"రెండు నిమిషాలు ముందుంది" అన్నాడు గడియారాలాయన.

"సరిచెయ్యడానికి ఎవరో ఒకరు రావాలి మరి" అన్నాడు వియ్యంకుడు. "నేను మంచం దిగలేను."

"ఆదివారం వస్తాం."

"నలభై మందిని పిలవనా?"

"పిలవండి. అందరి ముందూ పలకల సంగతి మీరు చెప్పండి, స్టూలు సంగతి నేను చెప్తాను."

మెయిలు వచ్చిన శబ్దం. ప్రిన్సిపాల్ జవాబు. ఒకటే మాట, "చేరింది." సిస్టర్ దాన్ని రెండుసార్లు చదివింది, అలవాటు కొద్దీ.

ఫోను పెట్టేశాక పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లెక్క సరిపోయింది. రేకు మూసి తనే బిగించడం మొదలుపెట్టింది. గడియారాలాయన పక్కన నిలబడి చూస్తున్నాడు. చెయ్యి పెట్టలేదు గానీ, ఉండబట్టలేక వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు.

"ఇంకోసారి నాకు తెలియకుండా దీన్ని తెరిచారో..."

"తెరవను."

"తెరవండి. నేనూ ఉంటాను. నొక్కడానికి."

నాలుగో స్క్రూ బిగుసుకుంది. ప్లస్ గుర్తు కొంచెం పక్కకి వాలి ఆగింది. సిస్టర్ దాన్ని ఒక్క క్షణం చూసింది. ఆయన వైపు చూడకుండా, స్క్రూడ్రైవర్ మళ్ళీ ఆనించి వెంట్రుకవాసి తిప్పింది.

నాలుగూ నిటారుగా నిలబడ్డాయి.